విభూతితో కాపురం: చెన్నై ఫ్లాట్‌లో ఆఫ్రికన్ గ్రే చిలుకను పెంచడం ఎలా

మా ఇంట్లో కరెంటు పోతే ముందు ఇన్వర్టర్ కుయ్‌మంటుంది, వెంటనే మా అత్తయ్య "అయ్యో, పోయింది" అంటుంది. ఎనిమిదేళ్లుగా ఆ రెండూ వింటున్న మా చిలుక ఇప్పుడు రెండూ తనే చేస్తుంది. ముందు ఇన్వర్టర్ కూత, తర్వాత అచ్చం అత్తయ్య గొంతుతో "అయ్యో, పోయింది". కరెంటు ఉన్నా సరే, అత్తయ్య నెల్లూరులో ఉన్నా సరే.

దాని పేరు విభూతి. పేరు పెట్టింది అత్తయ్యే. వచ్చిన వారానికే సోఫా మీద, టీవీ మీద, ఆవిడ కళ్లజోడు మీద తెల్లటి పొడి పేరుకుంటే, "ఇది చిలుక కాదే, విభూతి పొట్లం" అంది. ఆ పొడి సంగతి కాసేపట్లో చెప్తాను.

ఇంటికి వచ్చినవాళ్లు దాన్ని చూసి "మాకూ ఒకటి ఇప్పించండి" అంటారు. సాలిగ్రామం, వలసరవాక్కం చుట్టుపక్కల తెలుగువాళ్లే ఇప్పటికి పదిమంది దాకా అడిగారు. వాళ్లకు విడివిడిగా చెప్పేదే ఇక్కడ ఒకచోట రాస్తున్నాను. మాటల కోసమే అయితే మాత్రం తెచ్చుకోవద్దు. కొన్ని గ్రేలు బతికినంత కాలం ఒక్క మాటా మాట్లాడవు. మాట్లాడకపోయినా పరవాలేదు అనుకునేవాళ్లు కింది మెట్లు చదవండి.

మొదటి మెట్టు: ఇంట్లో లెక్కలు

బాగా చూసుకుంటే గ్రే 40 నుంచి 60 ఏళ్లు బతుకుతుంది. ముప్పై ఐదేళ్లవాళ్లు పిల్లను తెచ్చుకుంటే, అది మీ షష్టిపూర్తి చూసి, ఆ తర్వాతా ఉంటుంది. రోజుకు కనీసం మూడు, నాలుగు గంటలు పంజరం బయట మనుషుల మధ్య గడపాలి. మొగుడూ పెళ్లాం ఇద్దరూ ఓఎంఆర్‌లో (ఐటీ కంపెనీలుండే రోడ్డు) ఉద్యోగాలకు పొద్దున వెళ్లి రాత్రి వచ్చేటట్టయితే, ఇంట్లో ఇంకెవరూ లేకపోతే, నా మాట విని మానేయండి. ఒంటరిగా విసిగిపోయిన గ్రే తన ఈకలు తనే పీక్కుంటుంది. ఒకసారి అలవాటైతే మాన్పించడం మహా కష్టం.

ఇక పొడి సంగతి. గ్రేలకు ఒంటి మీద కొన్ని ప్రత్యేకమైన మెత్తటి ఈకలుంటాయి. వాటి కొసలు రాలి సన్నటి పొడి అవుతుంది. ఆ పొడే దాని ఈకలను శుభ్రంగా, తడి అంటకుండా ఉంచుతుంది. ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్లుంటే, కొనకముందే గ్రే ఉన్న ఇంట్లో ఓ పూటంతా కూర్చుని రండి. దగ్గు, ఆయాసం వస్తే ఆలోచన అక్కడే ఆపేయాలి. మేం ఎయిర్ ప్యూరిఫైయర్ పెట్టుకున్నాం, రోజూ తడిగుడ్డతో తుడుస్తాం. అయినా నల్ల చీర కట్టుకుని దాని దగ్గరకు వెళ్లను.

రెండో మెట్టు: ఎక్కడ తెచ్చుకోవాలి, ఏ కాగితాలు కావాలి

గ్రేలలో రెండు రకాలు. కాంగో గ్రే పెద్దది, నల్లటి ముక్కు, ఎర్రగా మెరిసే తోక. టిమ్నే కాస్త చిన్నది, రంగు ముదురు, తోక మెరూన్. టిమ్నేలు త్వరగా మచ్చికవుతాయని కొందరంటారు. నాకు తెలిసినంతలో పక్షిని బట్టి ఉంటుంది.

అడవిలో వీటి పరిస్థితి ఏమీ బాగా లేదు. పట్టి అమ్మడం వల్ల, అడవులు పోవడం వల్ల, ఘానాలో 1992 తర్వాత నూటికి తొంభైకి పైగా తగ్గిపోయాయి. అందుకే 2016లో జొహానెస్‌బర్గ్‌లో జరిగిన సైటీస్ (అంతరించే జాతుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) సమావేశం వీటిని మొదటి అనుబంధంలో చేర్చింది. అంటే అడవిలో పట్టినవాటి అంతర్జాతీయ వ్యాపారం నిషేధం. మన దగ్గర వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం ఇలాంటి విదేశీ జాతులు నాలుగో షెడ్యూల్ కిందికి వస్తాయి. 2024 ఫిబ్రవరిలో వచ్చిన నిబంధనల ప్రకారం, పక్షి చేతికొచ్చిన 30 రోజుల్లో కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. చనిపోయినా, ఇంకొకరికి ఇచ్చినా ఆ వివరం కూడా ఇవ్వాలి. కాబట్టి బిల్లు, పెంపకందారుడి నమోదు వివరాలు, కాలికి మూసి ఉన్న (అతుకు లేని) రింగు, ఈ మూడూ లేకుండా డబ్బు ఇవ్వకండి. "కాగితాలు తర్వాత పంపిస్తాం సార్" అన్నవాడు పంపడు.

"ఇదంతా ఎందుకు, పచ్చ రామచిలుకను పెంచుకుంటే పోలా" అని అడిగేవాళ్లు ఉంటారు. అది ఇంకా పెద్ద తప్పు. మన దేశపు చిలుకలను ఇంట్లో పెట్టుకోవడమే చట్టవిరుద్ధం.

వయసు కళ్లలో తెలుస్తుంది. పిల్ల గ్రేకు కంటిపాప చుట్టూ ముదురు బూడిదరంగు ఉంటుంది, ఏడాది వచ్చేసరికి లేత బూడిద అవుతుంది, ఆ తర్వాత మెల్లగా పసుపుకు తిరుగుతుంది. పసుపు కళ్ల పక్షిని చూపించి "ఆరు నెలల పిల్ల" అంటే లేచి వచ్చేయండి. ఇంకో మోసం, తల్లి దగ్గర్నుంచి మరీ ముందే తీసేసిన కూనను అంటగట్టి "మీ చేత్తో తినిపిస్తే బాగా మచ్చికవుతుంది" అనడం. కూనకు పెట్టే జావ వేడి కాస్త ఎక్కువైతే గొంతు సంచి కాలిపోతుంది, చల్లారితే అరగదు. తనంతట తాను గింజలు, ముక్కలు తింటున్న పిల్లనే తెచ్చుకోండి.

ఆడా మగా చూసి చెప్పలేం, ఈకతో చేసే డీఎన్‌ఏ పరీక్షే దారి. మేం చేయించలేదు. మూడేళ్లపాటు "వచ్చాడు, తిన్నాడు, కరిచాడు" అంటూ ఉన్నాం. ఒకరోజు పంజరం మూలన గుడ్డు కనపడింది. ఆ రోజు నుంచి ఇల్లంతా క్రియాపదాలు మార్చుకోవాల్సి వచ్చింది.

మూడో మెట్టు: పంజరం

మూడడుగుల వెడల్పు, రెండడుగుల లోతు, నాలుగడుగుల ఎత్తు. ఇంతకంటే పెద్దదైతే మంచిదే, చిన్నది వద్దు. కడ్డీల మధ్య సందు రెండు, రెండున్నర సెంటీమీటర్లు ఉండాలి. గుండ్రటి పంజరం వద్దు. జింక్ పూత పూసిన చవక పంజరం అసలే వద్దు, కొరికి కొరికి పక్షికి విషం ఎక్కుతుంది. స్టెయిన్‌లెస్ స్టీల్‌ది గానీ, మంచి పౌడర్ కోటింగ్ ఉన్నది గానీ చూడండి. తలుపుకు చిన్న తాళం వేయండి. మామూలు గొళ్లెం విభూతి రెండో రోజే తీసేసింది.

నిలబడటానికి షాపువాళ్లు ఇచ్చే నున్నటి గుండ్రటి కర్ర తీసేసి, మందులు కొట్టని జామ, వేప, చింత కొమ్మలు రకరకాల లావుల్లో పెట్టండి. కాళ్లకు పుండ్లు పడవు, కొరుక్కోవడానికీ పనికొస్తాయి. పంజరం హాల్లో గోడవారగా పెట్టాలి, ఒక వైపైనా గోడ ఉంటేనే దానికి ధైర్యం. వంటింట్లో వద్దు, ఎందుకో కింద చదవండి.

నాలుగో మెట్టు: ఇంట్లో ప్రాణాలు తీసేవి

పక్షి తెచ్చుకోకముందే ఈ పని పూర్తి కావాలి.

నాన్‌స్టిక్ పెనం మొదటిది. దోసె పెనం పొయ్యి మీద పెట్టి ఫోన్ మాట్లాడుతూ మర్చిపోయామనుకోండి. బాగా వేడెక్కిన ఆ పూత నుంచి వచ్చే పొగ మనకు వాసన కూడా తెలియకపోవచ్చు, పక్షి మాత్రం నిమిషాల్లో చనిపోతుంది. పక్షుల ఊపిరితిత్తులకు గాలి సంచులు జతై ఉంటాయి, గాలిలో ఉన్న విషాన్ని మనకంటే చాలా వేగంగా పీల్చుకుంటాయి. మేం ఇంట్లో నాన్‌స్టిక్ అన్నదే లేకుండా చేసి ఇనప పెనం, స్టీలు గిన్నెలకు మారాం. ఎయిర్ ఫ్రయర్, ఇస్త్రీపెట్టె పూతలు కూడా చూసుకోండి.

రెండోది సీలింగ్ ఫ్యాన్. మా ఇంట్లో రూలు ఒక్కటే: పంజరం తలుపు తీసేవాళ్లు ముందు ఫ్యాన్ ఆపి, స్విచ్ మీద ఎర్ర టేపు అంటించాలి. మే నెలలో ఫ్యాన్ లేకుండా కూర్చోవాలా అంటే, అవును, కూర్చోవాలి. లేదా ఏసీ.

దోమల చుట్టలు, లిక్విడ్ మెషిన్లు, రూమ్ ఫ్రెషనర్లు అన్నీ మానేశాం. కిటికీలన్నిటికీ మెష్ కొట్టించాం. పూజ దగ్గర మాత్రం అత్తయ్యతో పెద్ద చర్చే జరిగింది. అగరొత్తులు, సాంబ్రాణి, కర్పూరం లేకుండా శుక్రవారమేమిటి అంది. చివరికి కుదిరిన రాజీ: దీపం ఎప్పుడైనా సరే, ధూపం మాత్రం బాల్కనీలో, హాలు తలుపు వేశాక.

అయిదో మెట్టు: తిండి

మాకు పక్షిని ఇచ్చిన చోట "పొద్దుతిరుగుడు గింజలు చాలు, ఇంకేం అక్కర్లేదు" అన్నారు. నమ్మి ఏడాది అదే పెట్టాం. వాటిలో కొవ్వే తప్ప కాల్షియం, విటమిన్ ఎ దాదాపు లేవు. గ్రేలకు కాల్షియం తగ్గితే రెక్కలు, కాళ్లు కొట్టుకుంటూ ఫిట్స్ వస్తాయి. ఈ జాతికి అది బాగా తెలిసిన బలహీనత. మా అదృష్టం, డాక్టరు రక్తపరీక్షలో ముందే పట్టుకున్నారు.

ఇప్పుడు సగానికి పైగా పెల్లెట్లు (పక్షుల కోసం తయారుచేసిన గుళికల మేత), మిగతాది కూరగాయలు, ఆకుకూరలు, కొద్దిగా పళ్లు. గింజలు బహుమతిగా మాత్రమే. మన వంటింట్లో ఉన్నవే చాలు: మునగాకు, తోటకూర, క్యారెట్, గుమ్మడి, ఉడికించిన చిలగడదుంప, మొలకెత్తిన పెసలు, ఉడికించిన రాగులు, జామ, బొప్పాయి, దానిమ్మ. మునగాకు రెమ్మ పంజరానికి వేలాడదీస్తే విభూతి తలకిందులుగా వేలాడుతూ ఒక్కో ఆకూ గిల్లి సగం తింటుంది, సగం నేలమీద పోస్తుంది. పచ్చిమిరపకాయ అయితే గింజలతో సహా నములుతుంది. పక్షులకు మిరప ఘాటు తెలియదు. పాలకూర అప్పుడప్పుడే, అందులోని ఆక్జాలిక్ ఆమ్లం కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వదు. మెరీనాలో ఒడ్డుకు కొట్టుకొచ్చే సముద్రపు నురుగు (కటిల్‌బోన్ అనే తెల్లటి ఎముక, అలల నురుగు కాదు) కూడా కాల్షియమే. కడిగి ఎండబెట్టి పెట్టాం, మాది ముక్కుతో పక్కకు తోసేసింది. మీది తినవచ్చు.

పెట్టకూడనివి: అవకాడో, చాక్లెట్, కాఫీ, టీ, మద్యం, ఉల్లి, వెల్లుల్లి, ఉప్పు పట్టినవి, నూనెలో వేయించినవి, ఆపిల్ గింజలు, ఉడకని రాజ్మా. ఫిల్టర్ కాఫీ గ్లాసు వైపు అది తల చాచినప్పుడు అతిథులు "ఒక్క చుక్కేగా" అంటారు. ఆ చుక్క దగ్గర నేను మర్యాద చూడను.

గింజల నుంచి పెల్లెట్లకు మార్చేటప్పుడు "ఆకలేస్తే అదే తింటుందిలే" అనుకోవద్దు. తినకుండా మొండికేసి నీరసించే పక్షులున్నాయి. రోజూ పొద్దున ఖాళీ కడుపుతో, గ్రాములు చూపించే వంటింటి తూకం మీద తూచండి. విభూతి 430 గ్రాములు. మార్చిన ఆ రెండు నెలలూ అది 410కి దిగిన రోజు మళ్లీ ఒక పూట గింజలు పెట్టేదాన్ని.

ఇదంతా గిన్నెలో పోసి ఇస్తే పది నిమిషాల్లో తినేసి మిగతా రోజంతా ఏం చేయాలో తెలియక అరుస్తుంది. అడవిలో దాని రోజంతా తిండి వెతుక్కోవడంతోనే గడుస్తుంది. అందుకని ముద్దను తాటాకులో చుట్టి, కొబ్బరి చిప్పలో దాచి, విస్తరాకు మడిచి చీపురుపుల్ల గుచ్చి ఇస్తాం. పదిహేను రూపాయల విస్తరాకు కట్ట ముందు, వేలు పోసి కొన్న ప్లాస్టిక్ బొమ్మ దిగదుడుపే. దారాలు, పీచు పోగులు మాత్రం ఉంచకండి, మింగితే గొంతు సంచిలో ఉండకట్టుకుంటాయి.

ఆరో మెట్టు: చేతికి రావడం

ఇక్కడ నేను చేసిన తప్పు ముందు చెప్తాను. వచ్చిన మూడో రోజు గోళ్లు పెద్దగా ఉన్నాయని ఒకతన్ని పిలిపించాను. తువ్వాలు వేసి ఒక్క ఉదుటున పట్టుకుని, రెండు నిమిషాల్లో కత్తిరించి వెళ్లిపోయాడు. ఆ తర్వాత నాలుగు నెలలు విభూతి నా చేయి కనపడితే పంజరం వెనక్కి వెళ్లి గుర్రుమనేది. గ్రే గుర్రుమనడం విన్నారా? కుక్క గుర్రు కాదు, పాత మోటారు సైకిల్ స్టార్టు కాని చప్పుడు. పట్టుకున్నది అతను, తలుపు తీసి పక్కన నిలబడింది నేను. దానికి గుర్తున్నది నేనే.

మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను. మీరు ఆ తప్పు చేయకుండానే ఇలా మొదలుపెట్టండి.

మొదటి వారం చేయి లోపల పెట్టొద్దు, గిన్నెలు మార్చడానికి తప్ప. పంజరం పక్కన పక్కకు తిరిగి కూర్చుని పేపరు పైకి చదవండి. కళ్లలోకి నేరుగా చూడొద్దు, వేటాడే జంతువులే అలా చూస్తాయి. నేను రోజూ అరగంట తెలుగు పేపరు చదివేదాన్ని, ఎడిటోరియల్స్‌తో సహా.

రెండో వారం, దానికి అన్నిటికంటే ఏది ఇష్టమో కనిపెట్టండి. మాదానికి బాదం ముక్క. ఇక అది గిన్నెలో పెట్టడం పూర్తిగా మానేసి, మీ చేతి నుంచి మాత్రమే ఇవ్వండి, కడ్డీల సందులోంచి. తీసుకోకపోతే కింద పెట్టి వెళ్లిపోండి. బతిమాలొద్దు.

తర్వాత ఐస్‌క్రీమ్ పుల్ల చూపించి, ముక్కుతో తాకితే "శభాష్" అని బాదం ఇవ్వండి. పుల్ల కాస్త పక్కకు, ఇంకాస్త పక్కకు. నాలుగైదు రోజుల్లో పుల్ల వెంట నడుస్తుంది. ఆ నడకే రేపు మీ చేతి మీదికి తీసుకొస్తుంది: చేయిని కొమ్మలా ఉంచి పుల్ల అవతల చూపిస్తే, చేయి ఎక్కి దాటుతుంది. ఎక్కినప్పుడు "ఎక్కు" అనండి. ఒక్కో పాఠం అయిదు నిమిషాలే. అది విసుక్కోకముందే మీరు ఆపాలి.

ఒంటి భాష చదవడం నేర్చుకుంటే కాట్లు సగం తగ్గుతాయి. కంటిపాప టపటపా చిన్నదీ పెద్దదీ అవుతుంటే ఉత్సాహమో కోపమో, ఏదైనా చేయి దూరంగా ఉంచండి. ఈకలన్నీ ఒంటికి అంటుకుని మెడ సాచితే భయం. తల వంచి మెడ వెనక ఈకలు విప్పితే "గోకు" అని. తలా మెడా మాత్రమే గోకాలి. వీపు, రెక్కల కింద నిమిరితే అది జతపక్షి చేసే పని అనుకుంటుంది, తిన్నది కక్కి మీకు తినిపించబోతుంది, ఇంట్లో మిగతావాళ్లను కరవడం మొదలుపెడుతుంది. ఛాతీ చుట్టూ బిగించి ఎప్పుడూ పట్టుకోవద్దు. పక్షులకు మనలా ఉదరవితానం (డయాఫ్రం) లేదు, ఛాతీ కదలకపోతే ఊపిరే ఆడదు.

కరిస్తే అరవకండి. మీ "అమ్మో"నే దానికి వినోదం. నెమ్మదిగా దించేసి రెండు నిమిషాలు మొహం తిప్పుకోండి. రక్తం కారుతున్నప్పుడు ఇది చేయడం ఎంత కష్టమో నాకు తెలుసు.

ఏడో మెట్టు: మాటలు

చాలావాటికి ఏడాది నిండాకే మాటలు వస్తాయి. టేపు వేసి పది గంటలు వినిపిస్తే రావు. సందర్భంతో కలిపి, కాస్త ఉద్వేగంతో అన్న మాట ఇట్టే పట్టేస్తాయి. "అయ్యో, పోయింది" ఎవరూ నేర్పలేదు. మా ఆయన తమిళ సీరియల్ చూస్తూ అన్న ఒక మాట కూడా ఎవరూ నేర్పలేదు, ఇక్కడ రాయను.

పద్ధతిగా నేర్పాలంటే, చిలుకల తెలివి మీద పరిశోధన చేసిన శాస్త్రవేత్త ఐరీన్ పెపర్‌బర్గ్ వాడిన దారి పట్టండి. 1977లో షికాగోలోని ఒక పెట్ షాపులో ఆవిడ అలెక్స్ అనే గ్రేను కొన్నది. 2007లో అది 31 ఏళ్ల వయసులో పోయేలోగా వందకు పైగా మాటలు, రంగులు, ఆకారాలు, చిన్న అంకెలు నేర్చుకుంది. ఆవిడ కిటుకు ఇద్దరు మనుషులు. ఒకరు వస్తువు చూపించి అడుగుతారు, రెండోవారు జవాబు చెప్తే ఆ వస్తువు వాళ్లకే ఇస్తారు, చిలుక చూస్తూ అసూయపడుతుంది. మా అమ్మాయీ నేనూ క్యారెట్‌తో అలా చేశాం. మూడు వారాలకు "క్యాట్" అంది. ఇప్పటికీ అదే అంటుంది.

ఎనిమిదో మెట్టు: చెన్నై కాలాలు

గ్రేలది భూమధ్యరేఖ అడవి, తేమ వాటికి కొత్త కాదు. కానీ అగ్ని నక్షత్రం (మే నెల నడి ఎండలు) రోజుల్లో 40 డిగ్రీల బాల్కనీ వేరే సంగతి. నోరు తెరిచి రొప్పుతూ, రెక్కలు ఒంటికి దూరంగా పెడితే వెంటనే చల్లటి గదిలోకి తీసుకెళ్లి, కాళ్ల మీద నీళ్లు చిలకరించండి. రోజూ పొద్దున ఏడు, ఎనిమిది మధ్య ఇరవై నిమిషాల ఎండ మాత్రం కావాలి, కాల్షియం పట్టడానికి. అద్దంలోంచి వచ్చే ఎండ లెక్కలోకి రాదు, పనికొచ్చే కిరణాలను అద్దం ఆపేస్తుంది. పంజరంలో సగం నీడ ఉండాలి, మీరు పక్కనే ఉండాలి. మా వీధి కాకులకు విభూతి అంటే ఎందుకో పగ.

అక్టోబరు నుంచి డిసెంబరు వానల్లో గింజలకు బూజు పడుతుంది. తొక్కతో ఉన్న వేరుశనగ ఇంట్లోకే రానివ్వకండి, ఆ బూజు ఊపిరితిత్తుల్లో చేరితే తగ్గడం మహా కష్టం. 2023 డిసెంబరు మిచౌంగ్ తుపానులో మాకు రెండు రోజులు కరెంటు లేదు. అప్పటినుంచి చేతి పంజరం, వారానికి సరిపడా పెల్లెట్లు, మందులు ఒక సంచీలో సిద్ధంగా ఉంటాయి. దీపావళికి టపాకాయల భయంతో రాత్రి పంజరంలో కొట్టుకుని రెక్కలు విరగ్గొట్టుకునే పక్షులుంటాయి, చిన్న లైటు వేసి ఉంచండి. భోగి తెల్లవారుజామున ఊరంతా టైర్ల పొగ, ఆ రోజు కిటికీలన్నీ బిడాయించి ప్యూరిఫైయర్ ఆపకుండా నడుపుతాం.

తొమ్మిదో మెట్టు: ఒంట్లో బాగోకపోతే

పక్షులు జబ్బును దాచేస్తాయి. బయటపడేసరికి ఆలస్యమై ఉంటుంది. బరువు పదో వంతు తగ్గినా, ఊపిరికి తోక కిందికీ పైకీ ఊగుతున్నా, ఈకలు ఉబ్బించి పంజరం అడుగున కూర్చున్నా, రెట్ట రంగు మారి అలాగే ఉన్నా రేపటిదాకా ఆగకండి. కుక్కల డాక్టర్లందరికీ పక్షులు తెలియవు. పక్షులు చూసే డాక్టరెవరో పక్షి రాకముందే కనుక్కుని పెట్టుకోండి. వేపేరిలోని మద్రాస్ పశువైద్య కళాశాల ఆసుపత్రి నంబరు కూడా రాసుకోండి. తెచ్చిన మొదటి వారంలోనే సిటకోసిస్ (చిలుక జ్వరం), ముక్కు-ఈకల వ్యాధి పరీక్షలు చేయించాలి. సిటకోసిస్ మనుషులకు కూడా అంటుతుంది.

పదో మెట్టు: మీరు ఊరెళ్తే

దానికి రాత్రి పది, పన్నెండు గంటల నిద్ర కావాలి, వేళకు తిండి కావాలి, తెలిసిన మొహం కావాలి. అందుకే మేం ముగ్గురం ఒకేసారి ఊరెళ్లి ఏళ్లైంది. తప్పనప్పుడు కింది ఫ్లాట్ పిన్నిగారు చూస్తారు. ఆవిడకు విభూతి నెల ముందు నుంచే అలవాటు కావాలి, అందుకని వారానికి రెండుసార్లు వచ్చి బాదం ఇచ్చి వెళ్తారు. ఆవిడ కోసం ఒక నోటుబుక్కు రాసి పంజరం పక్కన వేలాడదీశాను. మొదటి పేజీలో డాక్టరు నంబరు, బరువు, పెట్టకూడనివి. రెండో పేజీలో ఫ్యాన్, పొయ్యి, కిటికీలు. మూడో పేజీలో ఒకే ఒక్క లైను: ఇన్వర్టర్ కూత వేసి "అయ్యో, పోయింది" అంటే, మీరు "వస్తుందిలే" అనాలి, అనకపోతే పడుకోదు.